బెంజల్కోనియం భవాని

నాకు కోపం ఎక్కువని మండవల్లిలో ఎవరినడిగినా చెబుతారు. నిజమే, దాచుకోవడానికేముంది? మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి చెప్పి రిటైరైనదాన్ని. నా దగ్గర చదివినవాళ్ళు పిల్లల్ని కన్న తండ్రులయ్యాక కూడా, బజార్లో నేను ఎదురైతే చేతులు వెనక్కి దాచుకుంటారు. విక్టోరియా టీచరు స్కేలంటే అంత పేరు మరి.

అలాంటి నా గుమ్మంలోకి ఒక ఆదివారం, నేను చర్చి నుంచి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోకముందే, గంగాభవాని వచ్చి నిలబడింది.

"టీచరమ్మగారండీ, నాకు ఇంగ్లీషు పేర్లు చదవడం నేర్పిస్తారాండీ?" అంది.

"ఏ పేర్లే? మనుషులవా, ఊళ్ళవా?"

"మందులవండి. చేపల మందులవి."

ప్రభువా అనుకున్నాను. షేక్స్‌పియర్ కాలం నాటి ఇంగ్లీషైనా చెప్పగలను గానీ చేపల మందుల ఇంగ్లీషు నాకెక్కడ వచ్చు? కందకు లేని దురద కత్తిపీటకెందుకని పంపేసేదాన్నే. కానీ ఆ పిల్ల గుమ్మం దాటి వచ్చి, అడక్కుండానే రెండు చేతులూ నా ముందు చాపింది.

గంగాభవాని పుట్టిల్లు కొల్లేటికోట. మా ఊరి గోపీచంద్‌ని చేసుకుని వచ్చింది. అతను చేపల చెరువుల్లో వల లాగే ముఠాకి పెద్ద. ఈమె ప్యాకింగ్ షెడ్డులో ట్రేల్లోకి చేపలు పేర్చి, మీద ఐసు కూరుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే పని. వేళ్ళ సందులు నాని ఒరిసిపోయాయి. గోళ్ళ చుట్టూ చర్మం పగిలి ఎర్రగా కనిపిస్తోంది. ముప్ఫై అయిదేళ్ళ మనిషికి డెబ్భై ఏళ్ళ ముసలమ్మ చేతులు.

"డాక్టరుగారు ఐసు మానేస్తే గానీ తగ్గదన్నారండి. మానేస్తే ఏం పని చెయ్యనండీ నేను? తాతాజీగారి ఆక్వా షాపులో కౌంటరు దగ్గర మనిషి కావాలంటున్నారండి. పేర్లు చదవడం వస్తే తీసుకుంటానన్నారు. ఈ పని దొరక్కపోతే మళ్ళీ ఐసేనండి."

ఆ చేతులు చూశాక కుదరదని ఎలా అనను? "రేపు సాయంత్రం రా, ఆలస్యంగా వస్తే తలుపు తియ్యను," అన్నాను. మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు.

తాతాజీగారి షాపు మా ఇంటికి ఎదురే. చేపల చెరువులకి మేత, మందులు అమ్మే కొట్టు. విషయమేమిటో ఆయన్నే అడుగుదామని రోడ్డు దాటి వెళ్ళాను.

"ఏవండీ టీచరుగారూ, ఆ అమ్మాయి మంచిదేనండి. పది పాసయ్యింది, తెలుగు రాస్తే ముత్యాలే," అన్నారాయన. "కానీ మా రైతులు మందు పేరు చెప్పరండి. 'ఎర్రమూత డబ్బా ఇవ్వండి, నీలం డ్రమ్ము ఇవ్వండి' అంటారు. కంపెనీవాడేమో ఏడాదికోసారి మూత రంగు మారుస్తాడు. ఇదివరకున్నవాడు రంగు చూసే ఇచ్చేవాడు. ఒకరి చెరువులో వెయ్యాల్సింది ఇంకొకరి చెరువులో పడింది. నా పరువు కొల్లేట్లో కలిసింది."

"ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే సరిపోదాండీ?"

"ఎవరికండీ పంపేది? మా టెక్నీషియన్ హర్షవర్ధన్ పొద్దుటే గట్ల మీద ఉంటాడు. చేతులు చెరువులో, ఫోను చెవికీ భుజానికీ మధ్యన. అతనడిగితే షాపులో ఏ మందుందో పేరు చదివి వినిపించాలి. చేపలు ఊపిరాడక తేలుతుంటే అతను కళ్ళజోడు తుడుచుకుని ఫోటోలు చూస్తూ కూర్చుంటాడాండీ?"

అదీ న్యాయమే. ఆయన నాలుగు ఖాళీ డబ్బాలు నా చేతిలో పెట్టారు. వాటి మీద పేర్లు చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. గూడ్సుబండి గేటు దాటుతున్నట్టు ఉన్నాయి ఒక్కొక్కటీ.

అయినా పద్ధతి పద్ధతే. ఎంత పొడుగు మాటైనా ముక్కలు చేస్తే నోట్లో పడుతుంది. సిలబుల్స్ అంటారు వాటిని. భవానిని ఎదురుగా కూర్చోబెట్టి, "గడ్డం కింద చెయ్యి పెట్టుకో. ఇప్పుడు హాస్పిటల్ అను. దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని ముక్కలు," అన్నాను.

"హాస్... పి... టల్. మూడండి!" అని తన గడ్డాన్ని తనే ఆశ్చర్యంగా తడుముకుంది.

"ప్రతి ముక్కలో ఒక అచ్చు చప్పుడుండాలి. అచ్చు లేకుండా ముక్క లేదు."

"తల లేకుండా చేప లేనట్టాండీ?"

"అలాగే అనుకో. రెండు హల్లులు పక్కపక్కన నిలబడితే, చాలాసార్లు వాటి మధ్యన కొయ్యి. చివర ఇంగ్లీషు E అక్షరం ఒంటరిగా ఉంటే దాన్ని పట్టించుకోకు. అది పెళ్ళికొచ్చిన దూరపు చుట్టం. కుర్చీలో కూర్చుంటుంది గానీ మాట్లాడదు."

భవాని పకపకా నవ్వింది. అంత దిగులుతో వచ్చిన మనిషి అలా నవ్వేసరికి నాకు సంతోషం వేసింది, కానీ పైకి చూపించలేదు. చప్పట్లు కొడుతూ ముక్కలు చెప్పించాను. పొ-టా-షి-యం. పర్-మాం-గ-నేట్. బెన్-జల్-కో-ని-యం. రాయడం కూడా ముక్కల్లోనే. ఒక్కో ముక్కా నోటితో అనుకుంటూ, దాని అక్షరాలు పెట్టుకుంటూ పోతే, పొటాషియం తప్పు లేకుండా కాగితం మీదికి వచ్చేసింది. భవాని ఆ కాగితాన్ని వాళ్ళాయనకి చూపిస్తానని తీసుకుపోయింది. వానాకాలమంతా ఇదే పాఠం. చప్పట్ల చప్పుడు విని, మా ఇంట్లో ఉజ్జీవ ప్రార్థన కూటాలు పెట్టారేమోనని పక్కింటి స్టెల్లా తొంగిచూసి పోయింది.

అట్లా నేర్పి, ఇక భయం లేదని చెప్పి, ఒక సోమవారం షాపులోకి పంపాను. తాతాజీగారు వారం రోజులు చూస్తానన్నారు.

మొదటిరోజే కొంప మునిగింది.

హర్షవర్ధన్ ఫోను చేశాడు. చెరువు నీళ్ళు పాడయ్యాయి, శుభ్రం చేసే మందు ఏముందో చెప్పమన్నాడు. భవాని డబ్బా చేతిలోకి తీసుకుని, నేను నేర్పినట్టే, చప్పట్లకి సరిపడా ఆగి ఆగి చదివింది. "బెన్... జల్... కో... ని..."

"హలో! హలో! మాట కట్టవుతుందండీ!" అని అటునుంచి కేక.

ఈమె ఇంకా స్పష్టంగా చెప్పాలని ఇంకా ఎక్కువసేపు ఆగింది. అతను సిగ్నల్ కోసం గట్టు పైకి ఎక్కాడట. అక్కడా అంతే. మోటారు షెడ్డు అరుగెక్కాడట. ఈమె మళ్ళీ "బెన్..." అనేసరికి ఇంకో అడుగు వెనక్కి వేసి, ఫోనుతో సహా చెరువులోకి జారాడు. తాడేపల్లిగూడెం నుంచి కొత్తగా కొనుక్కొచ్చుకున్న ఫోనట అది!

మధ్యాహ్నం మోకాళ్ళ దాకా బురదతో షాపుకొచ్చి, "తాతాజీగారూ, షాపులో సిమ్ మార్చండి," అన్నాడు పాపం. తప్పు సిమ్ముది కాదని తెలిశాక తాతాజీగారు తల పట్టుకున్నారు. సాయంత్రం భవానితో, "అమ్మా, ఇంకొక్కసారి ఇలా జరిగితే నా వల్ల కాదు. రేపు సెలవు తీసుకుని నేర్చుకో. ఎల్లుండి కూడా ఇంతే అయితే నువ్వు షెడ్డుకి పోవడమే మంచిది," అని చెప్పేశారు.

భవాని నా దగ్గరకొచ్చి కూలబడింది. నేను ఊరడించాలా? ఊరడించలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆ పిల్ల మీద పడ్డాను. "ముక్కలు ముక్కలుగా చదవమన్నాను గానీ ముక్కకీ ముక్కకీ మధ్య టీ తాగి రమ్మన్నానా?" అని అరిచాను.

"మరి కలిపి ఎలా చదవాలండీ? కలిపితే అన్నీ గుంపుగా వచ్చి నోట్లో ఇరుక్కుంటున్నాయండి. మీరు చప్పట్లు కొట్టమన్నారు, కొట్టానండి. కలపడం మీరు చెప్పలేదు కదండీ!" అని ఏడ్చేసింది. "ఐసులో మళ్ళీ చేతులు పెట్టలేనండి. ఇన్నాళ్ళూ పెట్టాను గానీ, బయటకొచ్చి ఒక్కరోజు కూర్చున్నాక ఇంక పెట్టలేను."

నా పద్ధతిని తప్పుబడితే నాకు ఒళ్ళు మండదూ? నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టు, అదే వస్తుంది," అన్నాను. ఆమె లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున పాఠానికి రాలేదు. కాఫీ తాగినా రుచించలేదు. చివరికి గొడుగు తీసుకుని వాళ్ళింటికి వెళితే, ఊరి చివరి చెరువులో పట్టుబడి ఉందని, మొగుడికి సాయంగా పోయిందని చెప్పారు. పట్టుబడి అంటే చెరువంతా వల తిప్పి, పెరిగిన చేపల్ని ఒక్కసారిగా పట్టేయడం. ఊళ్ళో ఎప్పుడూ జరిగేదే గానీ, నేను గట్టు దాకా వెళ్ళి చూసింది తక్కువ.

భవాని గట్టు మీద ఖాళీ ట్రేలు పేరుస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది, మళ్ళీ ట్రేల వైపు తిరిగింది. చెరువులో నడుముల్లోతు నీళ్ళలో గోపీచంద్ ముఠా రెండు వరుసలుగా వల పట్టుకుని నిలబడింది. గోపీచంద్ గొంతెత్తాడు.

"లాగరో మావా... లా...గు! ఐలేసా!"

అందరూ అందుకున్నారు. మొదట చిన్నగా, తేలిగ్గా. "లా" అన్నచోట మాత్రం అందరి ఒళ్ళూ ఒకేసారి వెనక్కి వాలింది. మిగతా చప్పుళ్ళు దాని వెంట గబగబా వచ్చేశాయి. ఎక్కడా ఆగలేదు. వల మూర మూర చొప్పున ఒడ్డుకి జరుగుతోంది.

"ప్రతి మాటకీ ఎందుకు లాగరు? ఆ ఒక్కచోటే ఎందుకంత గట్టిగా?" అని అడిగాను. మాట కలపడానికి ఏదో ఒకటి కావాలిగా.

"అన్నిటికీ ఒకే బరువు వేస్తే ముఠా అలిసిపోతుందండి," అంది భవాని నేల చూపులు చూస్తూనే. "ఒక్కచోట ఒళ్ళంతా వెయ్యాలి. మిగతావి ఆ ఊపుకే వచ్చేస్తాయి. మధ్యలో ఆగితే మాత్రం వల వదులై చేప జారిపోతుందండి."

నేను గొడుగు కింద పడేశాను.

"ఏమన్నావే? మళ్ళీ చెప్పు!"

"ఏమన్నానండీ? తప్పయిందాండీ?"

"తప్పు కాదే పిచ్చిమొహమా! ఇంగ్లీషు వాళ్ళు మాటని పలికేది అలాగే! మనం తెలుగులో అన్ని ముక్కల్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. వాళ్ళు ఒక ముక్క మీద ఒళ్ళంతా వేస్తారు. మిగతావి ఆ ఊపులో పోతాయి. నేను చప్పట్లు కొట్టించి కొట్టించి, అన్ని ముక్కలకీ ఒకే బరువు నీ చేత మోయించాను!"

బడిలో పిల్లలకి ఈ బరువు సంగతి చెప్పిన రోజులున్నాయి. డబ్బాల గొడవలో పడి ముక్కలు కోయడంతోనే సరిపెట్టాను. దీనికి సిగ్గుపడి కూర్చునే తీరిక లేదు. "బెంజల్కోనియం ఎక్కడ లాగాలో తెలుసా? కో దగ్గర! కానివ్వు చూద్దాం!" అన్నాను.

భవాని కళ్ళు మెరిశాయి. వాళ్ళాయన ముఠా వైపు తిరిగి, చేతులు వలమీద ఉన్నట్టే బిగించి పట్టుకుని, గొంతెత్తింది. "బెంజల్ కో...నియం!"

గోపీచంద్ నోరు వెళ్ళబెట్టాడు. "ఏంటే అది? అమ్మవారా?"

"మందు పేరులే, లాగవయ్యా!"

లాగారు. నిజంగానే లాగారు! "బెంజల్ కో...నియం! ఐలేసా!" అంటూ ముఠా మొత్తం 'కో' దగ్గర వెనక్కి వాలుతుంటే వల సర్రున వచ్చేస్తోంది. శీలావతులు, బొచ్చె చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. "బాగుందండీ టీచరమ్మగారూ, పాత పాటకన్నా ఇదే ఊపుగా ఉంది," అని ఒకడు. "ఇంకోటి చెప్పండి," అని ఇంకొకడు. "పర్ మాం...గనేట్!" అంది భవాని. దానికీ లాగారు. నేను గట్టుమీద నిలబడి, చెప్పులు బురదలో కూరుకుపోయినా చూసుకోకుండా, "మాం దగ్గర! మాం దగ్గర లాగండ్రా!" అని కేకలు. ఆ సాయంత్రానికే ఆమెకి ఊళ్ళో బెంజల్కోనియం భవాని అని పేరు పడింది.

మర్నాడు పొద్దున నేను వెళ్ళి తాతాజీగారి షాపు బెంచీ మీద కూర్చున్నాను. నాకు చెరువు లేదు, చేపల్లేవు, కనీసం తొట్టిలో రంగుచేప కూడా లేదు. "ఏం కావాలండీ?" అని ఆయన అడిగితే, "కూర్చోకూడదా?" అని గయ్యిమన్నాను.

షాపు తెరిచి కొద్దిసేపు అయిందో లేదో ఫోను మోగింది. హర్షవర్ధన్. గొంతులో కంగారు నాకు బెంచీ దాకా వినిపించింది. "నెల్సన్‌గారి చెరువండీ! ఆక్సిజన్ పడిపోయింది. చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. మామూలుగా వాడే టాబ్లెట్లు ఉన్నాయా?"

భవాని అరలో చూసింది. "అవి అయిపోయాయండి. నిన్న వచ్చిన కొత్త కంపెనీవి ఉన్నాయి."

"దాంట్లో మందేంటి? పేరు చదవండి, త్వరగా!"

ఆ డబ్బా నేనెప్పుడూ చూడలేదు, ఆమెకి నేర్పలేదు. డబ్బా పక్కన చిన్న అక్షరాల్లో పొడుగు పేరు. భవాని దాని మీదికి వంగింది. పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ముక్కలు చేస్తోందని నాకు తెలుసు. తాతాజీగారికి తెలియదుగా, ఫోను తీసుకోవడానికి చెయ్యి చాపారు. నేను నోరు తెరిచి చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే ఈ పూట గడుస్తుంది, రేపు? నాలుక కరుచుకుని కూర్చున్నాను. జీవితంలో నేను చేసిన అతి కష్టమైన పని అదే.

భవాని తాతాజీగారి చేతికి అందకుండా అటు తిరిగింది. భుజం ఒక్కసారి కొద్దిగా వెనక్కి వాలింది.

"సోడియం పర్ కార్...బనేట్ అండి."

ఒక్క ఊపులో వచ్చింది. పర్మాంగనేట్‌కి తోబుట్టువని కనిపెట్టి, దానికి ఎక్కడ బరువు వేసిందో దీనికీ అక్కడే వేసింది. చివరున్న దూరపు చుట్టాన్ని మాట్లాడనివ్వలేదు. నేను చెప్పకుండానే!

"ఆఁ, అదే! అదే కావాలి! పంపించెయ్యండి!" అన్నాడు హర్షవర్ధన్. మళ్ళీ, "ఎవరండీ ఫోన్లో? కొత్త మేడమా?" అన్నాడు.

"పాత మేడమేనండి. ఫోను ఎండిందాండీ?" అంది భవాని. అటునుంచి పడీపడీ నవ్వు వినిపించింది.

మందు బండి మీద వెళ్ళింది. ఎండెక్కేసరికి చేపలు అడుక్కి దిగాయని, ఒకటీ అరా తప్ప పోలేదని నెల్సనే స్వయంగా వచ్చి చెప్పాడు. తాతాజీగారు ఊఁ కొట్టారు తప్ప భవానితో ఒక్క మాటైనా అనలేదు. ఈయనకి నోరు లేదా అని నాకు కోపం నెత్తికెక్కింది. అడిగేద్దామని లేచాను కూడా.

అంతలో నల్లజర్ల నుంచి కొత్తగా ఇటువైపు చెరువులు కౌలుకి తీసుకున్న రైతు ఒకాయన వచ్చాడు. కౌంటరు దగ్గర ఆడమనిషిని చూసి, ఆమె మీదుగా తాతాజీగారి వైపు మెడ సాచి, "ఏవండీ, చేపకి మచ్చలొస్తున్నాయి, ఏం మందు వెయ్యాలండీ?" అన్నాడు.

తాతాజీగారు టీ గ్లాసు కింద పెట్టారు. "నన్నడుగుతారేంటండీ? టెక్నీషియన్‌తో మాట్లాడి మందు ఇచ్చేది ఆవిడ. ఆవిడ్నడగండి," అన్నారు. నేను మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాను.

సాయంత్రం షాపు మూశాక భవాని నన్ను తోడు రమ్మంది. ఎక్కడికంటే ప్యాకింగ్ షెడ్డుకి. రానని చెప్పాలట, ఒక్కతే వెళ్ళాలంటే కాళ్ళు రావట్లేదట. షెడ్డులో లారీకి లోడు అవుతోంది. ఆడవాళ్ళు వరసగా నిలబడి ఐసు కూరుతున్నారు. నేలంతా నీళ్ళు. కాసేపు నిలబడ్డందుకే నా కాళ్ళు జివ్వుమన్నాయి. మేస్త్రి రూబెన్ భవానిని చూడగానే, "వచ్చావా! రేపు అస్సాం వెళ్ళే లోడుందమ్మా, తెల్లారేసరికల్లా వచ్చెయ్," అన్నాడు. ఆ మనిషిలో చెడ్డతనమేమీ లేదు. ఇన్నేళ్ళూ పిలిస్తే వచ్చింది, ఇప్పుడూ వస్తుందనుకున్నాడు, అంతే.

భవాని గొంతు సవరించుకుంది. "రానండి," అంది.

"అయితే ఎల్లుండి రా."

"ఎల్లుండీ రానండి. ఇంక ఎప్పుడూ రానండి."

మా వైపు వాళ్ళం కాదనేటప్పుడు కూడా అండీ అనే అంటాం. అందుకని రూబెన్‌కి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక, "షాపులో తీసుకున్నారా! మంచిదమ్మా, మంచిది," అన్నాడు. ఐసు కూరుతున్న ఆడవాళ్ళలో ఒకామె ఈల వేసింది. ఎవరా అని చూసేలోపు అందరూ తల వంచుకుని నవ్వుతున్నారు.

రోడ్డు మీదికి వచ్చాక భవాని నా వైపు చూసి ఆగిపోయింది.

"అదేంటండీ, మీరేడుస్తున్నారు? ఏడిస్తే నేను కదండీ ఏడవాలి!"

"నోర్మూసుకుని నడు," అన్నాను.